గుట్ట పోరంబోకులో ఒక గూడు

మన రెవెన్యూ రికార్డుల్లో కొండకు పెద్దగా మాటలు ఖర్చు పెట్టరు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఆ పక్కన 'గుట్ట పోరంబోకు' అనో 'రాళ్లు రప్పలు' అనో ఒక ముక్క. అంతే. నా ఉద్యోగమంతా ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లోనే గడిచింది. గ్రామ లెక్కలు రాసే రోజుల నుంచి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యే దాకా ఎన్ని గుట్టలెక్కి హద్దులు చూపించానో లెక్కలేదు. ఎవరైనా క్వారీ లీజుకు అర్జీ పెట్టుకుంటే నిరభ్యంతర పత్రం కోసం కాగితం మా దగ్గరికి వచ్చేది. వెళ్లి చూసేవాళ్లం. ఊరెంత దూరం, రోడ్డెంత దూరం, చెరువుందా, వంకుందా, గుడి ఉందా, శ్మశానముందా, ఎవరైనా సాగులో ఉన్నారా, ఊరివాళ్లేమంటున్నారు. పంచనామా రాసి, నలుగురు పెద్దమనుషుల సంతకాలు పెట్టించి, స్కెచ్ జతచేసి పైకి పంపడంతో మా పని అయిపోయేది. పిట్టకు అందులో గడి లేదు. ఉండాలని అడిగినవాళ్లూ లేరు.

రిటైరయ్యాక అవే గుట్టలు బైనాక్యులర్ మెడకేసుకుని ఎక్కుతున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు అంటూనే ఉన్నారు. ఆ పిచ్చి వల్ల తెలిసిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. కొండను తవ్వకానికి ఇచ్చే ముందు దాని మీద ఏమేం బతుకుతున్నాయో జూన్, జులై, ఆగస్టు నెలల్లో చూడాలి. ఇప్పుడున్న పద్ధతిలో సరిగ్గా ఆ మూడు నెలలనే వదిలేస్తున్నారు.

పికిలిపిట్ట తెలియని ఇల్లు రాయలసీమలో ఉండదు. నల్లటి తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. పెరట్లో గోరింట చెట్టు మీదో, మల్లెపందిరి లోపలో, వరండాలో వేలాడదీసిన పూలకుండీలోనో గూడు పెడుతుంది. మనం కింద కూర్చుని కాఫీ తాగుతున్నా దానికి లెక్కలేదు. గులాబీ ఛాయ మీద ఎర్రటి చుక్కలున్న గుడ్లు రెండో మూడో పెట్టి, రెండు వారాల్లో పొదిగి, మరో రెండు వారాల లోపే పిల్లల్ని ఎగరగొట్టేస్తుంది. దీని దాయాదుల్లో ఇద్దరిని ఇక్కడ చెప్పుకోవాలి. ఒకటి పొద పికిలి. కంటి మీద తెల్లటి గీతతో, ఎప్పుడూ కంపల్లోనే మసలుతుంది. రెండోది కొండ పికిలి. నేను మాట్లాడుతున్నది దీని గురించే.

కొండ పికిలికి జుట్టుండదు. తలంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, రొమ్ము బూడిద రంగు, గొంతు మాత్రం పచ్చటి పసుపు. కొంచెం పెద్ద జానెడు పిట్ట. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మన నల్లమల, పాలకొండలు, శేషాచలం, హార్స్‌లీ హిల్స్, కర్ణాటకలో నంది కొండ, తమిళనాడులో చెంజి కోట చుట్టుపక్కల గుట్టలు, ఇలా అక్కడక్కడా విడివిడిగా ఉంటుంది. మధ్యలో ఉన్న చదును నేలల్లో కనబడదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పులో ఉన్న జాతుల్లో, 'వల్నరబుల్' అనే వర్గంలో పెట్టింది.

దీనికి శాస్త్రీయ నామం పెట్టింది టి.సి. జెర్డాన్. ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా నెల్లూరులో పనిచేస్తూ, రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా తూర్పు కనుమల్లో పిట్టల్ని, పాముల్ని, చేపల్ని పోగుచేసిన మనిషి. 1845లో ఈ పికిలిని లోకానికి పరిచయం చేశాడు. మూడేళ్ల తర్వాత ఆయన పేరుతోనే మరో సీమ పక్షి పుస్తకాలకెక్కింది. అదే మన కలివికోడి. 1900 తర్వాత కనిపించక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో మళ్లీ కనబడటం, లంకమల అభయారణ్యం రావడం, తెలుగుగంగ కాలువ దారి మీద గొడవలు జరగడం కడప జిల్లాలో అందరికీ తెలిసిన కథే. కలివికోడి పేరు మా మనవడి పాఠం పుస్తకాల దాకా వెళ్లింది. కొండ పికిలి పేరు పక్కింటివాళ్లకు కూడా తెలియదు. మన దగ్గర పిట్టకు పేరు రావాలంటే ముందు అది కనబడకుండా పోవాలేమో!

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు చాలామందికి పాలకోవా వల్ల తెలుసు. బస్సు ఆగుతుంది, పొట్లం కట్టించుకుంటాం, ఎక్కి కూర్చుంటాం. ఘాటుకు రెండు పక్కలా ఉన్న పాలకొండల వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. చూసినా ఏముంది, ఎండిన కంప, ఎర్రచందనం మోళ్లు, బండలు. మే నెలలో ఆ కొండ వాలు మీద నిలబడితే అరికాళ్లు కాలతాయి. తొలకరి పడి పది పదిహేను రోజులైతే అదే వాలును గుర్తుపట్టలేం. బండల సందుల్లో బోదగడ్డి లేస్తుంది. కలివి, పరికి, బలుసు, కానరేగు చిగురిస్తాయి. దోనల్లో నీళ్లు నిలుస్తాయి. కొండ పికిలి గొంతు విప్పేది అప్పుడే.

ఒక జులై ఉదయం ఆ వాలు మీద ఒక జంటను చూశాను. నిలువునా చీలిన పెద్ద బండ ఉంది. ఆ చీలికలో మట్టి చేరి ఒక పొద పెరిగింది. బయట నుంచి చూస్తే లోపల చెయ్యి పట్టేంత సందు కూడా లేదనిపిస్తుంది. జంటలో ఒకటి ముక్కున సన్నటి వేరు పట్టుకుని వచ్చింది. వచ్చి నేరుగా పొదలోకి పోలేదు. ముందు ఎదురుగా ఉన్న గుండు మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పింది. అక్కణ్నుంచి కిందికి, గడ్డిలోకి దిగింది. గడ్డిలో నుంచి నడిచినట్టుగా గెంతుతూ బండ మొదలు దాకా పోయింది. అక్కడ మళ్లీ ఆగింది. నేను కదిలాను కాబోలు, వేరు ముక్కునే ఉండగానే వచ్చిన దారినే వెళ్లిపోయింది. రెండో పిట్ట పైన ఎక్కడో కూర్చుని ఒకే కూతను పదే పదే కూస్తోంది.

మేకలు తోలుకుంటూ ఒకాయన వచ్చాడు. ఇంచుమించు నా ఈడువాడే.

"ఏం సార్, పొద్దున్నే రాళ్లల్లో ఏం ఎతుకుతాండారు?"

"పికిలిని చూస్తాండాన్నా. పసుపు గొంతుది."

"కొండ పికిలా? మీరు అట్ల జూస్తాంటే అది గూట్లేకి పోదు సార్. పొద్దుగూకేదాకా కూచున్నా పోదు. ఈ పక్కకు రాండి, బండెనకాలికి. మీరు కనపడకుంటేనే దాని పని అది జేసుకుంటాది."

"గూడు యాడుందో నీకు తెలుసా అన్నా?"

"తెలుసు. చెప్పను." నవ్వాడు. "చెప్తే రేపు ఇంకొకరిని తోడుకోనొస్తారు."

నేను బండ వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే కాసేపటికి పిట్ట మళ్లీ వచ్చింది. అవే మజిలీలు. గుండు, గడ్డి, బండ మొదలు, ఆ తర్వాత పొద లోపలికి. బయటికొచ్చినప్పుడు ముక్కు ఖాళీ. దగ్గరికి పోయి కొమ్మ తొలగించి చూడాలని ఎవరికైనా ఉంటుంది. చూడలేదు. గూడు కట్టే రోజుల్లో ఒక్కసారి బెదిరితే పికిలి జాతి పిట్టలు ఆ గూడు వదిలేసి పోవడం మామూలే. చూడనక్కర్లేదు కూడా. పికిలి గూళ్లన్నీ ఒక తీరున గిన్నెలాగే ఉంటాయి. సన్నటి పుల్లలు, గడ్డి పోచలు, వేళ్లు, అంటుకుని ఉండటానికి సాలీడు దారాలు. తేడా ఉన్నది గూడులో కాదు, చోటులో. ఊరి పికిలి మనిషి నీడలో పెడుతుంది. కొండ పికిలి మనిషి కన్ను పడని చోటు వెతుక్కుంటుంది. పుస్తకాల్లో కూడా దీని గూటి గురించి రాసినది కొద్దిగానే ఉండటానికి కారణం అదే.

ఆ పొద అక్కడికెలా వచ్చిందో కూడా చూడాలి. బండ చీలికలో మనిషెవరూ విత్తనం నాటడు. కలివి, పరికి, దేవదారి, గంధం, జువ్వి, ఇవన్నీ పిట్టలు తిని రెట్టలో విత్తనాలు జారవిడిస్తే మొలిచే చెట్లు. కొండ పికిలి తిండిలో ముఖ్యమైన భాగం ఈ పండ్లే. పండు తిన్న పిట్ట బండ మీద వాలుతుంది, రెట్ట వేస్తుంది, వానకు గింజ సందులోకి జారుతుంది. అక్కడ మేక నోరందదు, గొడ్డలి అందదు, వేసవి నిప్పు కూడా అంత తేలిగ్గా చేరదు. గుట్టంతా బోడిగా ఉన్నా చీలికల్లో మాత్రం పొదలు పచ్చగా ఉండేది అందుకే. పాత పిట్టలు వేసిన గింజల పొదల్లో కొత్త పిట్టలు గూళ్లు పెట్టుకుంటున్నాయి. ఈ లెక్కంతా నడిచేది బండ మీద. అడవి నరికితే ఎంత నష్టమైనా మోడు చిగురిస్తుంది, పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఏదో ఒకటి లేస్తుంది. రాయచోటి వైపు గ్రానైటు గుండ్ల వయసు కోట్లలో, వందల కోట్లలో ఉంటుంది. వాటిని డైమండ్ వైరుతో కోసి, దిమ్మలు చేసి లారీకెక్కించాక అక్కడ మిగిలేది నీళ్లు నిండిన గొయ్యి. ఆ గొయ్యి చుట్టూ మొక్కలు నాటి 'గ్రీన్ బెల్ట్' అని నివేదికలో రాసుకోవచ్చు. పికిలికి గ్రీన్ బెల్టుతో పనిలేదు.

ఇక నెలల సంగతి. పర్యావరణ ప్రభావ మదింపుకు ఆధారం 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. దాని కింద గనుల ప్రాజెక్టులకు ఏమేం అధ్యయనం చేయాలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక నమూనా పత్రం ఇచ్చింది. అందులో వర్షాకాలం కాని ఒక సీజన్‌లో ప్రాథమిక సమాచారం సేకరించాలని ఉంది. మార్చి నుంచి మే, లేదా అక్టోబరు నుంచి డిసెంబరు, లేదా డిసెంబరు నుంచి ఫిబ్రవరి. గాలి, నీరు, శబ్దం, మట్టి, చెట్లు, జంతువులు అన్నింటికీ ఆ ఒక్క సీజనే. గాలి విషయంలో ఇది సరైనదే. వానల్లో దుమ్ము అణిగిపోతుంది కాబట్టి ఎండల్లో కొలిస్తేనే అసలు పరిస్థితి బయటపడుతుంది. ఆ నియమం రాసినవాళ్ల తలలో ఉన్నది దుమ్ము. అదే నియమాన్ని పిట్టకూ అంటగట్టారు. దుమ్ము ఎక్కువగా ఉండే కాలం వేరు, పిట్ట గూట్లో ఉండే కాలం వేరు అని ఎవరికీ తోచకపోవడం విచిత్రం.

కొండ పికిలి వలస పిట్ట కాదు, ఏడాది పొడవునా ఆ కొండ మీదే ఉంటుంది, మార్చిలో చూసినా కనబడాలి కదా అని అడగవచ్చు. కనబడవచ్చు. ఓపికున్నవాడు నాలుగు రోజులు తెల్లవారకముందే వెళ్లి కూర్చుంటే కనబడుతుంది. కానీ ఎండల్లో అది గొంతెత్తడం తక్కువ, నీడ ఉన్న కోనల్లో అణిగి ఉంటుంది. పైగా అప్పుడు చూస్తే అది అక్కడ ఉందని మాత్రమే తెలుస్తుంది, ఏ బండ సందులో పిల్లల్ని లేపుతోందో తెలియదు. కన్సల్టెన్సీ కుర్రాళ్లు జీపులో పదింటికి దిగి, గుట్ట మొదట్లో ఫొటోలు తీసుకుని, ఒంటిగంటకు రాయచోటిలో భోజనానికి చేరుకుంటే ఏ పిట్టా కనబడదు. నేను చదివిన ఒక నివేదికలో పక్షుల పట్టిక ఉంది. కాకి, గోరింక, పావురం, కొంగ, బుల్‌బుల్. బుల్‌బుల్, అంటే పికిలి, అని ఊరుకున్నారు. ఏ బుల్‌బులో రాయలేదు. మన కొండల్లో ఒకటికి నాలుగు రకాలున్నాయి. వాటిలో ఒకటి ఊళ్లో ప్రతి గోడ మీదా దొరుకుతుంది, ఒకటి దక్షిణ భారతం దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. భూమి రికార్డులో పట్టాదారు పేరు దగ్గర 'రెడ్డి' అని మాత్రం రాసి వదిలేస్తే మా పైఅధికారి కాగితం మొహాన కొట్టేవాడు.

ఈ మదింపు నివేదిక కూడా పెద్ద లీజులకే. సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజ లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అన్నది. మంచిదే. కానీ ఆ తర్వాత వచ్చిన సవరణల ప్రకారం, పక్కపక్కన లీజులు గుంపుగా లేకపోతే, ఆ చిన్న లీజులకు మదింపు నివేదికా అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. 5 హెక్టార్లంటే పన్నెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ. మాగాణిలో అది ఒక మోతుబరి కమతం. మా సీమ గుట్టల్లో అది అనేకసార్లు గుట్ట మొత్తం.

ఇక్కడ చట్టంలోని తమాషా ఒకటి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 2లో 'వేట' అంటే ఏమిటో నిర్వచించారు. చంపడం, పట్టడం, ఉచ్చు పెట్టడమే కాదు, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం కూడా వేటే. పికిలి పిట్టలు ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. అంటే మేకలు కాసే పిల్లవాడు కర్రతో గూడు పడగొడితే వాడు వేటగాడు. గూడున్న కొండను జులైలో మందుపెట్టి పేలిస్తే అది 'ఉత్పత్తి'. గూడున్నదని కాగితం మీద లేదు కదా. కాగితం రాసినవాళ్లు గూళ్లు లేని కాలంలో వచ్చి వెళ్లారు కదా.

క్వారీలన్నీ మూసేయమని నేను అనడం లేదు. అనే హక్కూ నాకు లేదు. మా ఇంట్లో కింద పరిచినవి బేతంచర్ల బండలు. వంటగది గట్టు కడప నల్లరాయి. సీమలో వానలు లేని ఏళ్లలో వేరుశనగ పోయినప్పుడు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది క్వారీ కూలే. బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి, పలకరాయి తీసేది ఎక్కువగా చదును నేలలో, పొరలు పొరలుగా ఉన్న సున్నపురాతిలో. అక్కడి సమస్యలు అక్కడున్నాయి, దుమ్ము, కార్మికుల ఊపిరితిత్తులు, పాత గుంతలు. వాటి గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు. కానీ అక్కడ కొండ పికిలి గూడు పెట్టే గుండ్లు లేవు. నేనంటున్నది గుండ్లతో నిండిన నిటారు గుట్టల గురించి. అన్ని రాళ్లూ ఒకటి కావు. 'రాళ్లు రప్పలు' అని ఒకే ముక్కతో సరిపెట్టే పాత అలవాటు నుంచి ముందు రెవెన్యూ వాళ్లం బయటపడాలి.

క్వారీ ఒక్కటే కాదు. ఎండాకాలం కొండలకు నిప్పు పెట్టే పాపం మన ఊళ్లదే. కొత్త గడ్డి వస్తుందని కొందరు, బీడీ పారేసి కొందరు. జూన్‌లో గూడు పెట్టాల్సిన పొద ఏప్రిల్‌లో కాలిపోతే వానకు మళ్లీ చిగురించవచ్చు గానీ, గూడును దాచేంత దట్టంగా ఆ ఏడు పెరగదు. కొండ మీది గుళ్లకు తారు రోడ్లు వేసుకుంటున్నాం. రోడ్డు వెంట ప్రసాదం, చిప్స్ పొట్లాలు, వాటి వెంట కోతులు, కాకులు వస్తాయి. గుడ్లు తినే విషయంలో కోతికీ కాకికీ మించినవి లేవు. బోడి గుట్ట కనబడగానే గుంతలు తీసి ఒకే రకం మొక్కలు నాటి పచ్చదనం అనే ఉత్సాహం కూడా ఒకటుంది. కంపను కొట్టి చెట్టు నాటడం పికిలికి ఇల్లు కూల్చి పార్కు కట్టడమే. నాటాలనిపిస్తే ఊళ్లో నాటండి, బడిలో నాటండి, చెరువు కట్ట మీద నాటండి.

మా బైనాక్యులర్ జాతి మీద కూడా ఒక మాట అనకపోతే న్యాయం కాదు. కొండ పికిలి దక్షిణాదిలో తప్ప దొరకదు కాబట్టి దూరాభారాల నుంచి ఫొటోల కోసం వస్తున్నారు. రావడం మంచిదే. ఫోనులో దాని కూత పెట్టి, మగపిట్టను రెచ్చగొట్టి బయటికి రప్పించి ఫొటో తీసుకోవడం మంచిది కాదు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది గంటల తరబడి అరుస్తూ తిరుగుతుంది. ఆ సేపు గూటికి కాపలా లేదు, పిల్లలుంటే తిండి లేదు. గూటి ఫొటో పెట్టి ఊరి పేరుతో సహా పంచుకోవడం అంతకన్నా అన్యాయం. ఆ మేకల పెద్దాయన నాకు చెప్పకపోవడంలో ఉన్న ఇంగితం చదువుకున్న మనకెందుకు లేకపోవాలి?

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ఈ జిల్లాల్లో గుండ్ల గుట్టల మీద లీజు అడిగితే గాలీ దుమ్మూ ఎండాకాలంలోనే కొలవండి, చెట్టూ పిట్టా మాత్రం జూన్ ఆగస్టు మధ్యలో ఇంకోసారి చూడండి అని నమూనా పత్రంలో ఒక వాక్యం చేర్చాలి. లీజు కోసం రెండేళ్లు, మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు మూడు నెలలు అదనపు భారం కాదు. చిన్న లీజులకైనా జులైలో ఒక తెల్లవారుజామున పిట్టల్ని గుర్తుపట్టగల మనిషిని కొండెక్కించాలి. ఆ మనుషులు లేరనడానికి వీల్లేదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006 నుంచి ఉంది, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. అక్కడ జంతుశాస్త్రం చదివే పిల్లలు ప్రాజెక్టు పని కోసం వెతుక్కుంటూనే ఉన్నారు. వాళ్లకు తోడుగా ప్రతి గుట్ట కిందా మేకలు కాసే ఒక పెద్దాయన దొరుకుతాడు. ఆయన అడిగిన ప్రతివాడికీ గూడు చూపించడు గానీ, కొండ మీద ఏముందో లేదో మాత్రం ఏ కన్సల్టెంటు కన్నా బాగా చెప్పగలడు. ఆయన మాటను పంచనామాలో రాయాలి. సాగులో ఎవరున్నారని అడిగి రాసుకున్నప్పుడు, గూట్లో ఎవరున్నారని అడిగి రాసుకోవడానికి ఏం అడ్డం?

నిబంధన మారేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. పెద్ద లీజులకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేటప్పుడు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడనివ్వాలి. సభను వీడియో తీయాలి. ఇవన్నీ ఆ 2006 నోటిఫికేషన్‌లోనే ఉన్నాయి, ఎవరి దయా కాదు. మీ ఊరి గుట్టకు అలాంటి నోటీసు వస్తే సారాంశం తెచ్చుకుని ముందు ఒక్కటి చూడండి, చెట్లూ పిట్టల సర్వే ఏ నెలల్లో జరిగిందో. మార్చి, మే మధ్యలో అని ఉంటే, గూళ్లు పెట్టే కాలంలో మళ్లీ చేయాలని తెల్లకాగితం మీద అభ్యంతరం రాయండి. పక్షి పేరు రాయండి, కొండ పికిలి. సర్వే నంబరు వేయండి. సభలో నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. మా ఆఫీసుల్లో రసీదున్న కాగితానికే జవాబు వస్తుంది.